తలగడలో కోటు చేతులు

మార్చి 3, సోమవారం

బావమరిదికి,

ఇది నేను సొంతంగా రాస్తున్న చీటీ. మీ అక్క రాసిపెడతానంది, కలం ఇవ్వలేదు. నా అక్షరాలు కోడి గీకినట్టుంటాయని నీకు తెలుసు. చదవలేకపోతే కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదువు.

ముందు పంతొమ్మిదేళ్ళ కిందటి సంగతి ఒకటి తేలాలి. నువ్వు నా కొట్లో నాలుగేళ్ళు పని నేర్చుకున్నావు. గుండీ కుట్టడం రాని చేతికి కోటు కొయ్యడం నేర్పాను. ఒకరోజు బ్యాంకు మేనేజరు కొత్త కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాడు. బెంచీ మీద ఇంకో నలుగురు కూర్చున్నారు. నువ్వు ఎక్కడినుంచో వచ్చి ఆయన మెడ వెనక వేలు పెట్టి, "బావా, ఈ కాలరు ఇలా ఎందుకొచ్చింది?" అన్నావు. నలుగురూ కాలరు చూశారు. తర్వాత నన్ను చూశారు. నా దగ్గర అన్నం తిని పని నేర్చుకున్నవాడు నలుగురిలో నన్ను నిలదీశాడు. ఆ నెల తిరక్కుండా వెళ్ళి వేరే ఊళ్ళో కొట్టు పెట్టుకున్నావు. ఈ మాట ఇంతవరకూ మీ అక్కకి కూడా చెప్పలేదు. కడుపులో పెట్టుకుని ఊరుకున్నాను.

ఇప్పుడు రెండో సంగతి. నాలుగు నెలల కిందట మీ ఆవిడకి, అదే చెల్లెమ్మకి, చెయ్యి విరిగిందనీ, కాజాలు కుట్టే మనిషి లేదనీ, ఒక్క నెల మా అమ్మాయిని పంపమన్నావు. పంపాను. చెల్లెమ్మ చెయ్యి అతికింది. మా అమ్మాయి కూడా అక్కడే అతికింది.

మొన్న వాళ్ళమ్మకి నాలుగు పేజీల చీటీ వచ్చింది. మీ అక్క చదువుతూ తనలో తను నవ్వుకుంటోంది. ఏంటని అడిగితే, "ఏముందీ, తొమ్మిది కోట్లు తప్పు కోసిందట. వాళ్ళ మామయ్య ఒక్క మాటా అనలేదట. కూర్చోబెట్టి టీ ఇచ్చాడట" అంది. తొమ్మిది కోట్లు పాడైతే టీ ఇస్తావా? పది పాడైతే కొత్త మిషను కొనిస్తావా?

నా దగ్గర పన్నెండేళ్ళు పని చేసింది. ఒక్క ముక్క చెడగొట్టలేదు. నీ దగ్గర నాలుగు నెలలకి తొమ్మిది కోట్లు. పైగా నాలుగు పేజీల్లో నాకు వచ్చింది ఒక్క ముక్క: "నాన్నని మధ్యాహ్నం కాసేపు పడుకోమను." నేనేమన్నా పిల్లాడినా?

ఈ నెలాఖరుకల్లా అమ్మాయిని పంపు. మేనమామ ముద్దు ఇక చాలు.

మరిచిపోని,
నీ బావ

*

మార్చి 8, శనివారం

బావకి,

నీ చీటీ ఒక్కసారికే చదివేశాను. నీ కోడిగీతలతో నాలుగేళ్ళు కొలతల పుస్తకం చదివినవాణ్ణి. మా ఆవిడ మాత్రం ఇంకా మొదటి పేజీలోనే ఉంది. "చెయ్యి అతికింది" అన్నచోట నవ్వుతూ ఆగిపోయింది.

అమ్మాయి సంగతి చెబుతాను, విను. హోటల్లో వడ్డించేవాళ్ళకి పదిహేను కోట్లు కుట్టే పని మాకు వచ్చింది. వచ్చినప్పటినుంచీ కాజాలూ కుట్టుపనీ చేస్తోంది కదా, ఈసారి కొలతలు నువ్వే తియ్యి అన్నాను. తొమ్మిదిమందికి తీసింది, కోసింది, కుట్టింది. తొడిగి చూస్తే తొమ్మిదీ అంగుళం తక్కువ. పొడుగు అంగుళం తక్కువ, చెయ్యి అంగుళం తక్కువ, ఛాతీ అంగుళం తక్కువ. ఒకటి తప్పితే పొరపాటు అనుకోవచ్చు. తొమ్మిదీ ఒకేలా తప్పితే అది పద్ధతి. ఆ పద్ధతి ఎక్కడిదా అని నాకు సరదా పుట్టింది.

మా దగ్గర ఒక అలవాటుంది. ఎవరి చేతిలోనైనా ముక్క చెడితే దాన్ని బల్ల మధ్యన పెడతాం. తలుపు దగ్గరగా వేస్తాం. ముగ్గురం టీ పోసుకుని కూర్చుంటాం. ఎవరు చెడగొట్టారని అడగం, అది ఎలాగూ అందరికీ తెలుసు. ఎలా చెడిందన్నది ఒక్కటే అడుగుతాం.

ఆ రోజు అమ్మాయి మొహం సున్నం కొట్టినట్టుంది. నా ఛాతీ కొలవమన్నాను. కొలిచింది. టేపు మీద నలభై ఉంది. నోటితో ముప్ఫై తొమ్మిది అంది.

"నలభై కదే," అంది మా ఆవిడ.

"ఒకటి మింగాలి కదా అత్తయ్యా," అంది అమ్మాయి. అన్నాక తనే నోటిమీద చెయ్యి పెట్టుకుంది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. నీ టేపు. ఇత్తడి కొన ఊడిపోయి, మొదటి అంగుళం చిరిగిపోయి, ఒకటి దగ్గర మొదలయ్యే టేపు. "చదువు, ఒకటి మింగు" అని నా చేత నాలుగేళ్ళు అనిపించావు. ఇక్కడికొచ్చిన కొత్తలో నేనూ నెల్లాళ్ళు మింగాను బావా, ఊళ్ళోవాళ్ళందరికీ బిగుతు చొక్కాలు కుట్టాను. ముగ్గురం టీ చల్లారేదాకా నవ్వుకున్నాం. కోట్లకి ఏమీ కాలేదు. లోపలి మడత విప్పి వదులు చేశాం, చేతుల చివర వేరే రంగు పట్టీ వేసి పొడుగు చేశాం. హోటలువాళ్ళు మిగతా ఆరింటికీ ఆ పట్టీయే కావాలన్నారు.

ఇంతకీ ఇంకా ఆ టేపేనా? అడుగుతున్నానంతే.

పంపమన్నావు. ఇరవై ఎనిమిదేళ్ళ మనిషిని పార్సిలు కట్టలేను. తనని అడుగుతాను.

అక్కకి నా మాట చెప్పు. నీకు మాత్రం టీ,
నీ బావమరిది

*

మార్చి 13, గురువారం

బావమరిదికి,

నువ్వు రాసిందంతా రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇది. తొమ్మిది కోట్లు చెడగొట్టింది మీరు. నేరం నా టేపుది. ఆడలేక మద్దెల ఓడు.

ఆ టేపు నాకు పని నేర్పిన ముసలాయన ఇచ్చాడు. కొన ఊడినంత మాత్రాన పారేస్తామా? కాలు విరిగితే మనిషిని పారేస్తామా? నా దగ్గర నేర్చుకున్నవాళ్ళంతా ఒకటి మింగారు. ఎవరికీ అజీర్తి చెయ్యలేదు. నీకొక్కడికే చేసింది, ఇప్పుడు నా కూతురికి అంటించావు.

ముగ్గురూ నవ్వారట. టీ చల్లారిందట. నా టేపు చూసి, నా పద్ధతి చూసి నా కూతురు నవ్వింది, ఆ సంగతి నువ్వు నాకే రాస్తున్నావు.

ఒక్కటి అడుగుతాను. నా దగ్గర ఆ పిల్ల పొద్దుట్నుంచి సాయంత్రం దాకా మూడు మాటలు మాట్లాడేది. టీ తెచ్చి "టీ" అనేది. అన్నం వేళకి "అన్నం" అనేది. కొట్టు మూసేటప్పుడు "తాళం" అనేది. పన్నెండేళ్ళూ అంతే. అంత తక్కువ మాట్లాడే పిల్ల అనుకున్నాను. నీ దగ్గర నోటిమీద చెయ్యి పెట్టుకుంటుందట, నవ్వుతుందట, అత్తయ్యా మామయ్యా అని కబుర్లు చెబుతుందట. నువ్వేం పెడుతున్నావు దానికి? పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అనలేదు.

ఆ బల్ల సంగతి కూడా రాయి. ఎంత పొడుగు? నాది ఎనిమిదడుగులు, ఒకే చెక్క. నీదాంట్లో అతుకులుంటాయి, నాకు తెలుసు.

ఇంకో సంగతి. నువ్వు అమ్మాయిని తీసుకెళ్ళినప్పటినుంచీ మూడు కోట్లు తిరిగొచ్చాయి. ఎడమ చంక కింద పట్టేస్తోందట. ముప్ఫై ఏళ్ళలో నా కొట్టుకి ఒక్క కోటు తిరిగి రాలేదు. ఆ ముగ్గురిలో పోస్టుమాను అయితే నా ఎదురుగా చెయ్యెత్తి చూపించి, "మీ చెయ్యేనా ఇది?" అన్నాడు. నీ కళ్ళు నా కొట్టు మీద పడ్డాయి. అంతకన్నా నాకేమీ తోచడం లేదు.

పన్నెండేళ్ళలో ఒక్క తప్పు చెయ్యని పిల్లని నీకు అప్పజెప్పాను. అలాగే తిరిగి పంపు.

అతుకుల్లేని బల్ల ఉన్న,
నీ బావ

*

మార్చి 18, మంగళవారం

బావకి,

నా బల్లలో మూడు అతుకులున్నాయి. ఒకటి ఊగుతుంది కూడా. నీకు సంతోషమే కదా.

నీ చీటీ చదివాక నాకు కోపమొచ్చింది. నువ్వు నా మీద పడితే పరవాలేదు, నాకు అలవాటే. కానీ పంతొమ్మిదేళ్ళు ఒక మాట మనసులో పెట్టుకుని, దాన్నే తప్పుగా పెట్టుకున్నావు.

ఆ మేనేజరు కాలరు. అది బాగా కుదిరింది బావా. మెడ చుట్టూ ఎక్కడా లేవకుండా, ఆయన తల తిప్పితే తనూ తిరిగింది. అలాంటి కాలరు నేను అప్పటిదాకా చూడలేదు. నువ్వేం చేశావో తెలుసుకుందామని అడిగాను, "ఇలా ఎందుకొచ్చింది" అని. నువ్వు కత్తెర తుడుచుకుని బయటికి వెళ్ళిపోయావు. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. నేను చెయ్యని తప్పేదో చేశాననుకుని భయపడి, నెలాఖరుకి వచ్చేశాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నావు నువ్వు. దొంగనని పారిపోయింది నేను. మనిద్దరికీ మించిన తెలివైనవాళ్ళు ఎక్కడుంటారు?

ఇక రెండోది. అమ్మాయి ఒక్క తప్పు చెయ్యలేదన్నావు. చెప్పకూడదు, కానీ చెప్పేస్తున్నాను. మొన్న బల్ల దగ్గర నవ్వుతూ తనే చెప్పింది. చిన్నప్పటినుంచీ తప్పు కోసిన ముక్కలన్నీ తనూ మా అక్కా కలిసి నీ కంటపడకుండా తలగడలో కుక్కేవారట. అదీ నీ తలగడలోనే. "నాన్న ఎక్కడైనా వెతుకుతాడు గానీ తన తలకింద వెతకడు మామయ్యా," అంది. నేనూ నవ్వాను. తర్వాత ఆలోచిస్తే అంత నవ్వొచ్చే సంగతి కాదనిపించింది.

నేను కూడా నీ కొట్లో ముక్కలు దాచినవాణ్ణే. చొక్కా లోపల పెట్టుకుని వెళ్ళి వంతెన మీదనుంచి వదిలేవాణ్ణి. నువ్వు నన్ను ఒక్కసారి కూడా కొట్టలేదు, తిట్టలేదు. అయినా దాచాను. ఎందుకో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలీదు.

అక్కని కోప్పడకు.

ఊగే బల్ల దగ్గరనుంచి,
నీ బావమరిది

*

మార్చి 24, సోమవారం

బావమరిదికి,

కోప్పడకు అని రాశావు. అంటే కోప్పడే సంగతే అని నీకూ తెలుసు.

నీ చీటీ వచ్చిన రోజు మీ అక్క వంటింట్లో ఉంది. నేను గదిలోకి వెళ్ళి తలగడ తీసి, చిన్న కత్తెరతో ఒక పక్క కుట్టు విప్పాను. పైన దూది ఒక పొర. కిందంతా ముక్కలు. కోటు చేతులు, కాలర్లు, జేబు మూతలు. ఇన్నేళ్ళూ మెడ పట్టేస్తోందని మందు రాసుకున్నాను.

మంచం మీద పరిచి లెక్కపెట్టాను. ముప్ఫై ఒకటి. ఇరవై రెండు ముక్కల మీద నీలం సుద్ద ఉంది. అమ్మాయి నీలం సుద్దే వాడుతుంది. తొమ్మిదింటి మీద తెల్ల సుద్ద ఉంది.

నా కొట్లో తెల్ల సుద్ద వాడేది ఒక్కడే.

మీ అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో ఆగింది. మంచం చూసింది.

"ఇవెవరివి?" అన్నాను.

"చూస్తే తెలియడం లేదా?"

"ఈ తొమ్మిదీ నావి."

"మీవే."

"నేను కోసినవి తలగడలోకి ఎలా వెళ్ళాయి?"

"మీరు అన్నానికి లేచినప్పుడు అమ్మాయి బల్ల చూసుకునేది. తేడా ఉంటే మీరొచ్చేలోపు మళ్ళీ కోసి పెట్టేది. బట్ట చాలకపోతే నేను వెళ్ళి అదే రంగు తెచ్చేదాన్ని. రెండేళ్ళయింది."

"నాకు చెప్పకుండానా?"

"చెబితే?" అంది.

మళ్ళీ తనే అంది: "మీరు అరిచే మనిషైతే ఎప్పుడో చెప్పేవాళ్ళం. అరుపు పది నిమిషాల్లో చల్లారుతుంది. మీరు అరవరు. కత్తెర బల్లమీద పెట్టి, చెప్పులేసుకుని వెళ్ళిపోతారు. తిరిగొచ్చి నాలుగు రోజులు గోడతో మాట్లాడతారు. ఆ గోడకున్న అదృష్టం ఈ ఇంట్లో ఎవరికీ లేదు."

నేను లేచి చెప్పుల్లో కాళ్ళు పెట్టాను. మీ అక్క "చూశారా" అన్నట్టు చూసింది. మళ్ళీ విప్పేసి వచ్చి కూర్చున్నాను. కదలకుండా కూర్చోవడం అంత కష్టమని నాకు తెలీదు.

మేనేజరు కాలరు సంగతి. నువ్వు నిజం రాశావు కాబట్టి నేనూ రాస్తాను. అది తప్పు కోత. బట్ట బల్లమీద ఏటవాలుగా పడింది, చూసుకోకుండా కోసేశాను. ఇంకో ముక్కకి బట్ట లేదు. భయపడుతూనే కుట్టాను. ఎవరైనా పట్టేస్తారేమో అని ఆయన అద్దం ముందు నిలబడ్డంతసేపూ ఊపిరి బిగబట్టాను. అప్పుడు నువ్వొచ్చి వేలు పెట్టావు. అది బాగా వచ్చిందని నాకూ కనబడింది. ఎందుకు బాగా వచ్చిందో చూడలేదు. మళ్ళీ ఎప్పుడూ బట్టని ఏటవాలుగా వెయ్యలేదు. పంతొమ్మిదేళ్ళుగా ఒక మంచి కాలరు నా చేతిలో ఉండి కూడా కొయ్యలేదు. వెయ్యిమందికి మామూలు కాలర్లు కుట్టి పంపాను.

ఇంత రాశానని నీ మీద మంట తగ్గిందనుకోకు. ఇప్పుడే పెరిగింది. నా ఇంట్లో సంగతి నీ బల్ల దగ్గర ముందు తెలిసింది. నా కూతురు తన తప్పుల్ని నా తలకింద దాచింది, నీ ముందు పరిచింది. ఆ తొమ్మిది ముక్కల సంగతి కూడా చెప్పిందా? వాటి మీద కూడా ముగ్గురూ టీ తాగారా?

తాగితే తాగామని రాయి. దాచొద్దు.

నిద్ర లేని,
నీ బావ

*

మార్చి 29, శనివారం

బావకి,

తాగలేదు. ఆ తొమ్మిది సంగతి మాకెవరికీ తెలీదు. ఇరవై రెండూ చెప్పి తొమ్మిది కడుపులో పెట్టుకుంది. నీ చీటీ నేను పైకి చదువుతున్నాను, తెల్ల సుద్ద అన్నచోటికి వచ్చేసరికి మిషను ఆగిపోయింది. అమ్మాయి లేచి లోపలికి వెళ్ళింది. వెళ్ళి చూస్తే పెట్టె సర్దుకుంటోంది.

"నేను ఇక్కడికి రావడం వల్లే ఆ మూడు కోట్లు తిరిగొచ్చాయి. నేనుంటే ఎవరికీ తెలిసేది కాదు. నాన్న ఇప్పుడు నలుగురి నోళ్ళలో పడ్డాడు," అని ఏడుస్తోంది. ఏప్రిల్ తొమ్మిది, బుధవారం బండికి టికెట్టు తెచ్చుకుంది. నేను వద్దనలేదు. రమ్మని నువ్వే అడిగావు. నువ్వు గెలిచావు.

మా ఆవిడ మాత్రం టీ గ్లాసులు కడుగుతూ ఒక మాటంది. "వెళ్ళి ఏం చేస్తుంది? ఆ తలగడ ఖాళీ అయింది కదా, మళ్ళీ నింపడానికేగా." అది నీకు రాయమనలేదు. నేనే రాస్తున్నాను.

ఆ రోజు లోపు ఏదైనా చెప్పాలనుకుంటే చెప్పు.

నీ బావమరిది

*

ఏప్రిల్ 3, గురువారం

బావమరిదికి,

టికెట్టు చించెయ్యమను.

రెండు చీటీల్లో పంపమన్నాను. ఇప్పుడు పంపొద్దంటున్నాను. రెండూ నా మాటలే, రెంటికీ నేనే జవాబుదారీ. రావాలనిపిస్తే రమ్మను, వాళ్ళమ్మని చూసుకోమను, నాలుగు రోజులు కూర్చుని తినమను. నా వెనకాల నిలబడి నా ముక్కలు మార్చడానికి మాత్రం రావద్దు. చెల్లెమ్మ అన్నమాట నిజం. నువ్వు రాసి మంచిపని చేశావు. మీ ఇంట్లో బుర్ర ఆవిడ దగ్గరే ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. దీంతో పాటు ఒక మూట పంపుతున్నాను. అందులో నా తొమ్మిది ముక్కలున్నాయి. పాత పేపరు ముక్కలు కొన్ని ఉన్నాయి. వాటి సంగతి చెబుతాను.

తొమ్మిది ముక్కల్నీ వరసగా పరిచి చూశాను. నువ్వన్నట్టే, ఒకటి తప్పితే పొరపాటు. తొమ్మిదీ ఒకేలా తప్పాయి. కుడి అంచు గీతమీదే ఉంది. ఎడమ అంచు, చంక వంపు తిరిగేచోట, అరంగుళం లోపలికి తినేసింది. తిరిగొచ్చిన మూడు కోట్లూ అక్కడే పట్టేశాయి. నీ కళ్ళు పడలేదు. అది వెనక్కి తీసుకుంటున్నాను. మిగతావి తీసుకోవడం లేదు.

కత్తెర పాడైందేమో అనుకున్నాను. పేపర్ల మీద చంక వంపు గీసి, నా కత్తెరతో నాలుగు కోశాను, మీ అక్క కత్తెరతో నాలుగు కోశాను. ఒకేలా తిన్నాయి. కత్తెర కాదు. కిటికీ వెలుతురేమో అనుకుని బల్ల జరిపాను. ఎనిమిదడుగుల బల్ల, ఒకే చెక్క, ఇద్దరం పట్టుకుని జరిపితే నడుం పోయింది. మీ అక్క "మీకు ఆ పేపరువాడి మీద ఏమైనా కోపమా?" అంది. పొద్దున కోసినవి కాస్త మేలు, మధ్యాహ్నానివి ఘోరం. అన్నిటిమీదా వేళ రాశాను, చూసుకోండి. మీరు ముగ్గురు టీ తాగి కనిపెట్టేది నేనొక్కడినే టీ లేకుండా ఇంతవరకూ తెచ్చాను. అది గమనించండి.

తర్వాత ఎడమ కన్ను మూసి కోశాను. తేడా లేదు, రెండు కళ్ళతో కోసినట్టే ఉంది; అంటే ఎడమ కన్ను తెరిచినా ఒకటే, మూసినా ఒకటే. ఇక కుడి కన్ను మూసి కొయ్యాలి. మూడు రోజులు ఆ పని చెయ్యలేదు. పేపరు లేదన్నాను, ఉంది. సుద్ద అరిగిందన్నాను, అరగలేదు. నాకు భయమేసింది. ఎడమ కన్ను పోతోందని తేలితే ఇక కొయ్యలేను. కొయ్యకపోతే నేనెవరినో నాకు తెలీదు. పదేళ్ళప్పుడు కత్తెర పట్టాను. భయం అన్న మాట నా చేత్తో రాయడం ఇదే మొదలు. ఒత్తు భ సరిగ్గా పడిందో లేదో.

ఇంతదాకా రాసి లేచి వెళ్ళాను. మీ అక్కని వచ్చి నా కుడి కన్ను చేత్తో మూయమన్నాను. నేను మూసుకుంటే సందులోంచి చూస్తానని. మూసింది. ఒక్కటి కోశాను. కోసిందాన్ని నేను చూడలేదు. మీ అక్కని చూడనివ్వలేదు. నాలుగు మడతలు పెట్టి, దారంతో కట్టి, మూటలో అన్నిటికన్నా అడుగున పెట్టాను.

చూడలేక కాదు. ఇప్పుడు చూడగలను. కానీ అక్కడ మీరు ముగ్గురూ ఒకరి తప్పు ఒకరు కలిసి చూసుకుంటారు. తలుపు దగ్గరగా వేసుకుంటారు. మా అమ్మాయి నా బల్ల దగ్గర పన్నెండేళ్ళు భయంగా నిలబడింది, నీ బల్ల దగ్గర నవ్వుతూ కూర్చుంది. ఆ కుళ్ళు నాకు ఇంకా ఉంది. రేపు కూడా ఉంటుంది. అయినా నా తప్పు నేనొక్కడినే ఎందుకు చూడాలి? దాన్ని మీ బల్ల మధ్యన పెట్టండి. ఊగినా పరవాలేదు, అతుకులున్నా పరవాలేదు.

జవాబు అమ్మాయి రాయాలి. నువ్వు రాయొద్దు. ఎలా తప్పిందో, ఎంత తప్పిందో అంగుళాల్లో రాయమను. బాగానే ఉంది నాన్నా అని రాస్తే ఆ చీటీ వెనక్కి పంపుతాను. మందుంటే మందు, అద్దాలైతే అద్దాలు, మానుకోవాలంటే మానుకోమని రాయమను.

ఒక లాయరు నల్లకోటుకి బట్ట తెచ్చిచ్చాడు. పద్నాలుగో తారీకు, సోమవారం కొయ్యాలి. మడత కూడా విప్పలేదు. పన్నెండో తారీకు శనివారం పదకొండింటికి పోస్టు వస్తుంది. అమ్మాయి చీటీ ఆ సంచీలో ఉండాలి. ఒక్కరోజు ఆలస్యమైనా ఒప్పుకోను.

నీ బావ